ముందు నకలు, ఆ తర్వాతే తుడుపు

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీంచి దిగే సామాన్లలో ఇత్తడి బిందెలు తగ్గాయి, కంప్యూటర్ సరంజామా పెరిగింది. ఎప్పుడో కొన్న సీపీయూ, కీలు విరిగిన ల్యాప్‌టాప్, ఏ మిషన్‌లోంచి విప్పారో ఎవరికీ గుర్తులేని హార్డ్‌డిస్క్, అట్టపెట్టె నిండా చార్జర్లు. ఇవి నేల మీదికి రాగానే ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. పాత సామాను అబ్బాయికి వేసేద్దామనేది ఒక పక్షం. అందులో పిల్లాడి బారసాల ఫొటోలున్నాయేమో, ఉండనీయమనేది రెండో పక్షం. రెండో పక్షం గెలిస్తే ఆ పెట్టె మళ్లీ అటకెక్కుతుంది. నాలుగేళ్ల తర్వాత దింపి చూస్తే డిస్కు తిరగదు, బారసాల ఫొటోలు అందులోనే సమాధి. మొదటి పక్షం గెలిస్తే ఆ ఫొటోలతో పాటు పాన్ కార్డు స్కానింగు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌వర్డులన్నీ రాసిపెట్టుకున్న ఎక్సెల్ షీటు ఎవరి చేతికి వెళ్తాయో తెలియదు.

నా మాట అడిగితే ఇద్దరూ తప్పే. మనకు కావాల్సిన డేటా చెప్పాపెట్టకుండా పోతుంది. పోయిందనుకున్న డేటా మాత్రం కదలకుండా కూర్చుంటుంది. అందుకని దాచుకోవడం, తుడిచేయడం అనే రెండు పనుల్నీ ఒకే పనిగా, ఒకే వరసలో చేయాలి. నకలు తీయాలి. ఆ నకలు తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఆ తర్వాతే పాతదాన్ని తుడవాలి. తుడిచాక నిజంగానే పోయిందో లేదో మళ్లీ చూడాలి. చేతికి ఉత్సాహం వచ్చి మూడో పనితో మొదలుపెట్టినవాళ్లే డేటా రికవరీ షాపుల ముందు కనిపిస్తారు. మొదటి మూడూ చేసి నాలుగోదాన్ని వదిలేసేవాళ్లు అంతకన్నా ఎక్కువమంది.

ఫార్మాట్ కొట్టిస్తే చాలదా?

‘అమ్మేముందు ఫార్మాట్ కొట్టించాం కదండీ’ అన్నది మనవైపు అందరూ చెప్పే ధైర్యవచనం. ఈ ధైర్యానికి ఆధారం లేదు. మీరు ఒక ఫైలును డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారనుకోండి. కంప్యూటర్ చేసేదల్లా తన జాబితాలో ఆ ఫైలు పేరు కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకోవడమే. పంచాయతీ రిజిస్టర్లో ఇంటి నంబరు కొట్టేస్తే ఇల్లు కూలిపోదు కదా. ఇంకొకరు వచ్చి ఆ స్థలంలో కొత్త ఇల్లు కట్టేదాకా పాత గోడలు నిలబడే ఉంటాయి. క్విక్ ఫార్మాట్ అంటే ఆ రిజిస్టరు మొత్తాన్ని చింపి కొత్తది పెట్టడం. షాపుల్లో కొట్టేది చాలావరకు ఈ క్విక్ ఫార్మాటే, ఎందుకంటే అది నిమిషంలో అయిపోతుంది. విండోస్ విస్టా నుంచి మామూలు ఫార్మాట్, అంటే క్విక్ అన్న గడిలో టిక్కు తీసేసి చేసేది, డిస్కు నిండా సున్నాలు రాస్తుంది. దానికి గంటలు పడుతుంది. వెనక మరో బేరం కాచుకుని ఉన్న షాపువాడు అంతసేపు ఆగడు.

అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలట్ అనే ఇద్దరు ఎంఐటీ విద్యార్థులు ఈ సంగతి తేల్చడానికి సెకండ్‌హ్యాండ్ హార్డ్‌డిస్కులు 158 కొన్నారు. వాళ్ల వ్యాసం 2003లో అచ్చయింది. కొన్నవాటిలో 129 పనిచేశాయి. సరిగ్గా తుడిచి అమ్మినవి ఎన్నో తెలుసా? పన్నెండు. మిగతావాటిలో ఐదువేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య వివరాలు, ప్రేమలేఖల్లాంటి ఈమెయిళ్లు దొరికాయి. ఒక డిస్కు బ్యాంకు ఏటీఎంలోంచి వచ్చినట్టు తేలింది. ఫార్మాట్ చేసినవాటిలోంచీ ఫైళ్లు బయటపడ్డాయి. ఇందుకు గూఢచారి సంస్థల పరికరాలేవీ అక్కర్లేదు. రెకువా, ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఇంటర్మీడియట్ చదివే కుర్రాడికైనా అలవాటే. సికింద్రాబాద్ సీటీసీలోనో మీ ఊరి కంప్యూటర్ల సందులోనో పాత డిస్కు కొన్నవాడికి దురుద్దేశం ఉండాల్సిన పని కూడా లేదు, కాస్త కుతూహలం ఉంటే చాలు.

ఏది దాచాలి?

బ్యాకప్ అనగానే మొత్తం డిస్కును ఇంకో డిస్కులో కుమ్మరించేవాళ్లున్నారు. దాంతో చెత్త కూడా రెట్టింపవుతుంది, రేపు అవసరమైన కాగితం రెండుచోట్లా దొరకదు. ముందు ఒక సాయంత్రం కూర్చుని ఏరండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు, పాటలు మళ్లీ దొరుకుతాయి, వాటిని వదిలేయండి. మళ్లీ ఎక్కడా దొరకనివి కొన్నే ఉంటాయి, వాటి కోసమే ఈ శ్రమంతా.

మన ఇళ్లలో అవి ఇలా ఉంటాయి. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, వాటి వెనక లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, పొలం ఉంటే పాసుపుస్తకం. పిల్లల టెన్త్ మెమోలు, టీసీలు, కుల ధ్రువీకరణ పత్రాలు. బీమా పాలసీలు. పెద్దవాళ్ల వైద్య రిపోర్టులు, ముఖ్యంగా పాత స్కానింగులు. స్కాన్ చేసిన కాగితం అసలు దస్తావేజుకు సాటిరాదు, నిజమే. కానీ అసలు పోయినప్పుడు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయాలంటే డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అన్నవి తెలియాలి. ఆ స్కానింగే చెబుతుంది. ఇప్పుడు డిజిలాకర్‌లో కొన్ని పత్రాలు నేరుగా వస్తున్నాయి. ఆ మేరకు భారం తగ్గింది. తాతగారి చేతిరాత వీలునామా మాత్రం ఏ లాకర్లోకీ దానంతటది రాదు.

ఫొటోలు, వీడియోల దగ్గర రెండు జాగ్రత్తలు. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినది అసలు ఫొటో కాదు, సైజు తగ్గించిన నీడ. పెళ్లి ఫొటోలు కుటుంబం గ్రూపులో భద్రంగా ఉన్నాయనుకోకండి. తీసిన ఫోన్‌లోంచి లేదా కెమెరావాళ్ల దగ్గర్నుంచి అసలు ఫైళ్లు తెచ్చుకోండి. అదీ పెళ్లయిన నెలల్లోనే తెచ్చుకోవాలి, ఎందుకంటే ఫొటోగ్రాఫర్ తర్వాతి ముహూర్తాలకు డిస్కు ఖాళీ చేసుకోవాలి. రెండోది డీవీడీలు. పదిహేనేళ్ల కింద పెళ్లి వీడియో ఇచ్చిన ఆ మెరిసే పళ్లేలు కొన్ని ఇప్పటికే చదవడం మానేశాయి, చదివే డ్రైవు కొత్త ల్యాప్‌టాప్‌లలో లేనే లేదు. అవి ఇంకా తిరుగుతుంటే ఈ నెలలోనే డిస్కులోకి ఎక్కించండి.

తెలుగులో రాసేవాళ్లకు, డీటీపీ చేసేవాళ్లకు, చిన్న పత్రిక నడిపినవాళ్లకు ఇంకో ప్రత్యేకమైన గండం ఉంది. యూనికోడ్ రాకముందు ఏళ్ల తరబడి పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్ల లాంటి వాటిలో తయారయ్యాయి. ఆ ఫైళ్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది, నవల మాత్రం చదవలేం. నా లెక్కలో ఇదీ డేటా పోవడమే. అలాంటివి మీ దగ్గరుంటే మూడు రూపాల్లో దాచండి: అసలు ఫైలు, దాన్నించి తీసిన పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం. మార్పిడిలో ఒత్తులు, అరసున్నలు అక్కడక్కడ చెడతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని సరిచూడటానికి ఓపిక కావాలి. ఆ ఫాంటు ఫైళ్లను కూడా అదే ఫోల్డరులో పెట్టండి. పాత పేజ్‌మేకర్ తెరిచే కంప్యూటరు ఇంకా ఒకటి నడుస్తోందంటే, దాన్ని తుడవడానికి ముందు చేయాల్సిన మొదటి పని ఇదే.

ఎక్కడ దాచాలి?

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ డిజిటల్ ఫొటోలు దాచుకోవడం మీద రాసిన పుస్తకంతో 3-2-1 అనే సూత్రం ప్రచారంలోకి వచ్చింది. ప్రతిదానికీ మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి సూత్రం ఇంకా రాలేదు. మొదటి రెండూ చాలామంది చేస్తారు. మూడో అంకె దగ్గరే బద్ధకిస్తారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బల్ల మీది కంప్యూటరూ, దాని బ్యాకప్ డిస్కు ఉన్న బీరువా కింది అరా ఒకే నీళ్లలో నానాయి. ఒకే గదిలో రెండు ప్రతులుంటే వరదకు, నిప్పుకు, దొంగకు అవి ఒకటే ప్రతి. ఇది సామాన్యుల సమస్య మాత్రమే అనుకోవద్దు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం బ్యాటరీల మంటల్లో చిక్కింది. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం, 858 టీబీలు, బూడిదైపోయింది. అది మరీ పెద్దది కాబట్టి బయట నకలు పెట్టలేదట. మీ డేటా ఒక టీబీ కూడా ఉండదు. ఆ సాకు మీకు లేదు.

మనకు దారి చాలా సులువుగా ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు రెండు కొనండి. ఒకటి మీ ఇంట్లో, రెండోది ఊళ్లో అన్నయ్య ఇంట్లోనో, అత్తగారింట్లోనో. ఏటా పండక్కి వెళ్లేటప్పుడు తాజాగా నింపిన డిస్కు తీసుకెళ్లి అక్కడ పెట్టి, అక్కడిది వెనక్కి తెచ్చుకోండి. డిస్కుకు బిట్‌లాకర్ లాంటి దానితో తాళం వేసి ఇవ్వండి. బంధువుల మీద అనుమానంతో కాదు, వాళ్లింట్లోనూ పాత సామాను అబ్బాయి వస్తాడు కదా. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటే క్లౌడ్ ఫోల్డరు వాళ్లతో పంచుకుంటే సరిపోతుంది. వాళ్ల దగ్గరా ఒక ప్రతి దింపి పెట్టుకోమనండి.

పెన్‌డ్రైవ్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకండి. అది సామాను మోసే సంచి. ఎస్‌ఎస్‌డీని కూడా నింపి ఏళ్లకేళ్లు కరెంటు తగలకుండా బీరువాలో పడేయకూడదు. అందులో డేటా విద్యుదావేశంగా ఉంటుంది, కాలక్రమంలో అది కారిపోతుంది. అలమరాలో నిలవుంచడానికి పళ్లేలు తిరిగే పాతరకం హార్డ్‌డిస్కే నయం. దాన్ని కూడా ఏడాదికోసారి తిప్పి చూడాలి.

క్లౌడ్ గురించి ఒక భ్రమ తొలగించుకోవాలి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి చేసేది ప్రధానంగా సింక్. ఇక్కడ ఉన్నది అక్కడా ఉంటుంది. ఇక్కడ మీ మనవడు ఫోల్డరు డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, ఆ తర్వాత అదీ లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీల్లోనే జీమెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. రెండేళ్లు అసలు తెరవని ఖాతాలను తొలగించడం కూడా 2023 డిసెంబరు నుంచి మొదలైంది. నాన్నగారు పోయాక ఆయన ఫోన్ బీరువాలో పెట్టేసిన ఇళ్లలో ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆ ఖాతాలో ఆయన ఫొటోలుంటే ఇప్పుడే దింపుకోండి.

రాన్సమ్‌వేర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బడిగే ఈ వైరస్‌లు అప్పుడు కంప్యూటరుకు తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కునూ వదలవు. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే అంత పెద్ద ఆసుపత్రిలో ఓపీ చీట్లు చేత్తో రాయాల్సి వచ్చింది. కాబట్టి నకలు అయిపోగానే డిస్కు కేబులు పీకేయండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే అది రెండో ప్రతి కాదు, మొదటిదాంతో పాటే మునిగేది.

ఇక నకలు తీశాక తెరిచి చూడటం. పిక్సార్ స్టూడియోలో 1998లో ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా ఎవరో కొట్టిన ఒక్క డిలీట్ కమాండుకు సినిమా ఫైళ్లు కళ్ల ముందే మాయమవసాగాయి. ఫర్వాలేదు, బ్యాకప్ ఉందిగా అనుకున్నారు. తీరా చూస్తే ఆ బ్యాకప్ కొంతకాలంగా సరిగ్గా నడవడమే లేదు, ఎవరూ పరీక్షించలేదు. పసిబిడ్డ కోసం ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలి ఇంటి కంప్యూటర్లో ఒక ప్రతి ఉండబట్టి సినిమా బతికింది. చేయాల్సింది పెద్ద పనేం కాదు. బ్యాకప్ డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి, ఫోల్డర్ల సైజు, ఫైళ్ల సంఖ్య పాతదాంతో సరిపోతున్నాయో చూడండి. ప్రతి ఫోల్డరులో మొదటిదీ చివరిదీ నడిమిదీ తెరవండి. వీడియో అయితే చివరి నిమిషం దాకా జరిపి చూడండి, ఎందుకంటే సగంలో ఆగిన కాపీ మొదట్లో బాగానే ఆడుతుంది. వేరే కంప్యూటరని ఎందుకన్నానంటే, పాతదాంట్లో తెరిస్తే అది షార్ట్‌కట్టో అసలు ఫైలో తెలియకపోవచ్చు.

తుడవడం

ఇప్పుడు చేతిలో ఉన్నది ఏ రకం డిస్కో చూసుకోండి. దాన్నిబట్టే పద్ధతి.

పళ్లేలు తిరిగే హార్డ్‌డిస్కు అయితే ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరికి సున్నాలు రాస్తే చాలు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ మార్గదర్శకం కూడా ఇదే చెబుతుంది. 35 సార్లు రాయాలని మీరు ఎక్కడో విని ఉంటారు. న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పత్రం నుంచి వచ్చిందది. అప్పటి రకరకాల డిస్కు పరిజ్ఞానాలన్నిటికీ కలిపి ఆయన వేసిన లెక్క అది, ఏ ఒక్క డిస్కుకూ మొత్తం 35 అవసరం లేదు. జనం దాన్ని దయ్యం వదిలించే మంత్రంలా వాడుతున్నారని తర్వాత ఆయనే విసుక్కున్నాడు. మీ డిస్కుకు 35 సార్లు రాయించే ఓపిక ఉంటే ఆ ఓపికను నకలు పరీక్షించడానికి వాడండి.

విండోస్‌లో డిస్క్‌పార్ట్ అనే కమాండు ఉంది. అందులో లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, ఆ తర్వాత క్లీన్ ఆల్. ఉత్త క్లీన్ అని కొడితే జాబితా మాత్రమే పోతుంది, ఆల్ చేర్చాలి. అది మళ్లీ ఒకసారి అడగదు, హెచ్చరించదు. అందుకే తుడవాల్సిన డిస్కు తప్ప మిగతా డిస్కులన్నీ, ముఖ్యంగా ఇప్పుడే నకలు తీసినది, పీకేసి కూర్చోండి. సైజు చూసి డిస్కు నంబరు పోల్చుకోండి. సిస్టమ్ మొత్తం పాతదైతే నెట్ నుంచి ష్రెడ్‌ఓఎస్ లాంటిది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో బూట్ చేస్తే సరి. పాతవాళ్లకు డీబ్యాన్ పేరు తెలిసే ఉంటుంది, అదీ ఇదే కోవ. ఒక టీబీ డిస్కుకు సెకనుకు వంద ఎంబీల చొప్పున రాస్తే దాదాపు మూడు గంటలు. యూఎస్‌బీ 2 కేబులు మీద అయితే రాత్రి పెట్టి తెల్లారి చూసుకోవడమే.

ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి పనికిరాదు. దాని లోపలి కంట్రోలరు అరుగుదల సమానంగా ఉండాలని మీరు రాసినదాన్ని ఎక్కడెక్కడో పంచుతుంది. మీకు కనిపించని అదనపు చోటు కూడా అందులో ఉంటుంది. మీరు సున్నాలు రాశాననుకున్నా పాత డేటా ముక్కలు ఆ చాటున మిగులుతాయి. దీనికి సెక్యూర్ ఎరేజ్ అనే ఆదేశం ఉంది. డిస్కు తయారుచేసిన కంపెనీ ఇచ్చే ప్రోగ్రాంలోనో, కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ మెనూలోనో దొరుకుతుంది. అది దొరక్కపోతే మొత్తం డ్రైవుకు బిట్‌లాకర్ వేసి, పూర్తయ్యాక విండోస్ రీసెట్‌లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, సెట్టింగుల్లో ‘క్లీన్ డేటా’కు అవుననండి. అప్పుడు మిగిలే ముక్కలన్నీ తాళం పోయిన పెట్టెలే. కొత్త ల్యాప్‌టాప్ కొన్నరోజే ఎన్‌క్రిప్షన్ వేసుకుంటే చివర్లో ఈ తంటా ఉండదు. ఆ 48 అంకెల రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. లేకపోతే మదర్‌బోర్డు పోయిన రోజున మీ డేటా మీకే దక్కదు.

ఎస్‌ఎస్‌డీలో ఇంకో తమాషా ఉంది. డిలీట్ చేసిన ఫైళ్ల చోట్లను అది ట్రిమ్ అనే పద్ధతిలో తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది. కాబట్టి పొరపాటున డిలీట్ అయిన ఫొటోలు పాత హార్డ్‌డిస్కులో లాగా తర్వాత తీసుకుందాంలే అంటే దొరక్కపోవచ్చు. దొంగకు ముక్కలు దొరికే అవకాశం, మీకు ఫైలు దొరకని అవకాశం రెండూ ఒకే వస్తువులో ఉన్నాయి.

ఫోన్ల పని తేలిక. ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తర్వాత గానీ వచ్చిన ఫోన్లు ఎన్‌క్రిప్షన్‌తోనే వస్తాయి, ఐఫోన్లు అంతకుముందు నుంచే. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే లోపలి తాళంచెవి నాశనమవుతుంది. దానికన్నా ముందు యూపీఐ యాప్‌ల నుంచి బయటికి రండి, గూగుల్ ఖాతా తీసేయండి, ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆపేయండి. లేదంటే కొన్నవాడు లాక్ తీయమని మీకు ఫోన్లు చేస్తూనే ఉంటాడు. మెమరీ కార్డు మరవకండి. ఎక్స్చేంజ్‌లో ఫోనిచ్చి కార్డు అందులోనే వదిలేసేవాళ్లకు కొదవలేదు.

అసలు ఆన్ కాని డిస్కు సంగతేమిటి? కంప్యూటరుకు పనిచేయనిది రికవరీ నిపుణుడికి పనిచేయవచ్చు. అందులో మీకు కావాల్సింది ఉంటే టకటక చప్పుడు వినబడగానే ఆపేసి నిపుణుడికివ్వండి. మళ్లీమళ్లీ ఆన్ చేసి చూసినకొద్దీ లోపలి హెడ్డు పళ్లేలను గీకేస్తుంది. కావాల్సింది లేకపోతే దాన్ని పాడుచేయాల్సిందే. స్పీకరు అయస్కాంతం రుద్దితే ఏమీ కాదు. నక్షత్రపు మరలు విప్పి పళ్లేలు బయటికి తీసి వంచండి, లేదా డ్రిల్లుతో నాలుగుచోట్ల కన్నాలు పొడవండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటి పళ్లేలు గాజువి, సుత్తి దెబ్బకు పెంకులై ఎగురుతాయి. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆ పని చేయకండి. ఎస్‌ఎస్‌డీ అయితే లోపలి ప్రతి చిప్పూ పగలాలి, ఒక కన్నం చాలదు. అటక మీంచి దిగింది కదా అని భోగిమంటలో మాత్రం వేయకండి. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

తుడిచాక చివరి పరీక్ష. డిస్కును మళ్లీ తగిలించి రెకువాతోనో ఫొటోరెక్‌తోనో వెతికించండి. పక్కింటి కుతూహలపరుడు చేసే పని మీరే ముందు చేయడమన్నమాట. ఏమీ దొరక్కపోతే దాన్ని అమ్మండి, స్కూలుకివ్వండి, మీరే మళ్లీ వాడుకోండి.

దుకాణం, ఆఫీసు ఉన్నవాళ్లకు

ఇంటివాళ్ల సంగతి వాళ్ల ఇష్టం. ఆడిటరు, క్లినిక్కు, డయాగ్నస్టిక్ సెంటరు, మీసేవ, జిరాక్స్ షాపు నడిపేవాళ్ల చేతుల్లో ఉన్నది ఇతరుల డేటా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలను వదిలేసింది గానీ వ్యాపారాలను వదల్లేదు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతున్నాయి. డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. సందులోని షాపుకు అంత వేస్తారని కాదు, కానీ తెలియదనడం ఇక చెల్లదు.

జిరాక్స్ షాపు పేరు ఊరికే ఎత్తలేదు. పెద్ద డిజిటల్ కాపీ మిషన్లలో చాలావాటికి లోపల హార్డ్‌డిస్కు ఉంటుంది. అందులో మీరు తీసిన ఆధార్ కాపీలు, పాసుపుస్తకాలు బొమ్మలుగా నిలిచిపోవచ్చు. అమెరికాలో 2010లో సీబీఎస్ టీవీవాళ్లు పాత కాపీ మిషన్లు కొని విప్పితే ఒకదాంట్లో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ ఖాతాదారుల వైద్య వివరాలు బయటపడ్డాయి. 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా కట్టి కేసు పరిష్కరించుకుంది. మిషన్ మార్చేటప్పుడు, ముఖ్యంగా అద్దె మిషన్ వెనక్కిచ్చేటప్పుడు, మెనూలో డిస్కు తుడిచే సదుపాయం ఉందేమో టెక్నీషియన్ని అడిగి చేయించండి. సీసీ కెమెరాల డీవీఆర్ కూడా ఇంతే. అందులోనిది మామూలు హార్డ్‌డిస్కే, విప్పి పైన చెప్పినట్టు తుడవొచ్చు.

పాత సిస్టములు ఒకేసారి పదో ఇరవయ్యో వదిలించుకునేటప్పుడు ఆఫీసులు ఎక్కువగా జారిపడేది లెక్క దగ్గర. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ ఇలాంటి పనిలో అనుభవం లేని సామాన్ల రవాణా కంపెనీకి డేటా కేంద్రాల పరికరాలు అప్పగించింది. వాటిలో కొన్ని ఖాతాదారుల డేటాతోనే ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయి. 2022లో అమెరికా సెక్యూరిటీస్ సంస్థ మోర్గాన్ స్టాన్లీకి 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి సామాను నమోదైన రీసైక్లర్లకే వెళ్లాలి. వాళ్లకిచ్చినా డిస్కులు మీరే తుడిచి ఇవ్వండి. ఇచ్చేముందు ప్రతి డిస్కు మీది సీరియల్ నంబరు ఫొటో తీసి, ఎవరు ఎప్పుడు ఏ పద్ధతిలో తుడిచారో పక్కన రాసుకోండి. రీసైక్లర్ ఇచ్చే రసీదులో ‘కంప్యూటర్ స్క్రాప్, 40 కేజీలు’ అని ఉంటే ఒప్పుకోకండి. సీరియల్ నంబర్ల జాబితా జతచేయించి, మీ దగ్గరున్న ఫొటోలతో ఒక్కొక్కటే సరిపోల్చుకున్నాకే బండి కదలనివ్వండి.